ఇంజను కంటే ముందు లైఫ్ జాకెట్

పిల్లలు ఏదైనా సొంతంగా తయారు చేస్తామనగానే మన ఇళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి "వద్దు". రెండోది "ఏదో చేసుకోనీ, అవన్నీ నాకేం తెలుస్తాయి". నా దృష్టిలో రెండూ ఒకటే. రెండింట్లోనూ అమ్మ పక్కకి తప్పుకుంటోంది.

ఇంజనీరింగు చదివే మావాడు, వాడి స్నేహితులు కలిసి ఈ వేసవిలో చిన్న ఎయిర్‌బోటు చేస్తామంటున్నారు. అందుకే ఈ విషయం రాయాలనిపించింది.

ఎయిర్‌బోటంటే అడుగు చదునుగా ఉండే పడవ. మోటారు బోటుకి పంకా నీళ్లలో తిరుగుతుంది. దీనికి వెనకవైపు, పైన, గాలిలో తిరుగుతుంది. చక్రాల బల్ల మీద పెద్ద ఫ్యాను పెడితే గాలి ముందుకి, బల్ల వెనక్కి పోతాయి కదా, అదే సూత్రం. నీళ్లలో తిరిగేది ఏదీ లేదు కాబట్టి నాచు, గుర్రపుడెక్క చుట్టుకోవు. లోతు లేని నీళ్లలో కూడా పోతుంది. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఇవి ఎక్కువగా కనిపించేది అందుకే.

ఇందులో లెక్కలు మనకి అందనివేం కావు. లీటరు నీళ్లు కిలో బరువు. పడవ బరువెంతో అన్ని లీటర్ల నీళ్లని అది పక్కకి తోస్తుంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న ప్లైవుడ్ షీటంత అడుగు ఉందనుకోండి. సుమారు ప్రతి 30 కిలోలకి ఒక సెంటీమీటరు మునుగుతుంది. పడవ 60, ఇంజను సరంజామా 30, మనిషి 70 కలిపి 160 కిలోలైతే అయిదున్నర సెంటీమీటర్లు. ముందు భాగం పైకి వంచితే ఇంకాస్త. ఈ లెక్క మా మేనకోడలు పాల పుస్తకం వెనక పేజీలో వేసి చూపించింది. డిగ్రీలో తెలుగు చదివిన నాకే అర్థమయింది.

మునగడం కాదు, నా భయం వేరేవాటి గురించి. ఈ పడవకి బ్రేకు ఉండదు. రివర్సూ ఉండదు. పంకా వెనక నిలబెట్టిన చుక్కానులకి పంకా గాలి తగిలితేనే పడవ తిరుగుతుంది. ఎదురుగా గట్టు కనిపిస్తే యాక్సిలరేటరు వదిలేయడం మన అలవాటు. ఇక్కడ వదిలేస్తే చుక్కాని పని చేయడమూ ఆగిపోతుంది, పడవ మాత్రం తన ఊపులో తను పోతూనే ఉంటుంది. పైగా పంకా తిరగాలంటే ఇంజను ఎత్తులో పెట్టాలి. బరువు పైన ఉన్న పడవని వేగంలో ఒక్కసారిగా తిప్పితే బోల్తా కొడుతుంది. ఇక పంకా సంగతి. బండి చక్రంలో చున్నీ పడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అమ్మా, నువ్వు ఊరికే భయపెట్టకు" అంటాడు మావాడు. ఊరికే కాదు. టెలిఫోనుతో పేరు తెచ్చుకున్న గ్రాహం బెల్ బృందం 1905లోనే కెనడాలోని బడెక్‌లో, విమాన ఇంజన్లని, పంకాలని పరీక్షించడానికి 'అగ్లీ డక్లింగ్' అనే ఇలాంటి పడవ చేసింది. 1907లో ఆయన కుర్రవాళ్లతో కలిసి విమానాల సంఘం పెట్టారు. ఆ ఆలోచనా, అందుకు డబ్బూ ఆయన భార్య మేబెల్‌వే. అయిదేళ్ల వయసులో జ్వరంతో వినికిడి పోగొట్టుకున్నావిడ. ఆ సంఘంలోని థామస్ సెల్ఫ్రిడ్జ్ అనే యువకుడు 1908 సెప్టెంబరులో ఆర్విల్ రైట్ నడిపిన విమానంలో ఎక్కాడు. గాలిలో ఉండగా పంకా విరిగింది. విమానం కూలి అతను చనిపోయాడు. అంత అనుభవమున్నవాళ్ల చేతుల్లోనే విరిగిన పంకా, మన పెరట్లో బిగించింది విరగదని ఎలా అనుకుంటాం?

అయినా నేను వద్దనలేదు. వద్దంటే మానేస్తారని నమ్మకం లేదు. ఏ స్నేహితుడి షెడ్డులోనో మనకి తెలియకుండా చేస్తారు. అలా చేసేటప్పుడు డబ్బు తక్కువైతే ముందు వేటిని మానేస్తారో ఆలోచించండి. ఇంజను మానరు, పంకా మానరు. పంకా చుట్టూ మెష్, లైఫ్ జాకెట్లు, చెవులకి పెట్టుకునేవి, ఇంజను టక్కున ఆపే తాడు స్విచ్చి, ఇవే పోతాయి. పడవ కదలడానికి వీటితో పని లేదు కదా!

అందుకే నా అభిప్రాయం ఇది. పడవ కదలడానికి అక్కర్లేనివన్నీ అమ్మ కొనాలి. అదీ ఇంజను కంటే ముందు కొనాలి. మెష్ ముందూ వెనకా చుట్టూ ఉండాలి, చెయ్యి దూరకూడదు. స్విచ్చి తాడు నడిపేవాడి ఒంటికి కట్టి ఉండాలి, మనిషి పడిపోతే ఇంజను ఆగిపోవాలి. పంకాకి సరిగ్గా పక్కన ఎవరూ నిలబడకూడదు, రెక్క విరిగితే ఎగిరేది అటే. ముందు బొమ్మంత మోడల్, తర్వాత ఇంజను లేకుండా ఇసుక బస్తాలతో తేల్చి చూడటం, ఆ తర్వాతే ఇంజను. పారే కాలువ వద్దు, బట్టలుతికే రేవు వద్దు, ఈత రానివాడు ఎక్కనే వద్దు. ఇంజను పడవలకి 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ఉంది కాబట్టి, ఊరి చెరువే అయినా అడిగి తెలుసుకున్నాకే దింపాలి.

ఇంకో మాట. లెక్క వేసిన మేనకోడలిని "ఆడపిల్లవి, నీకెందుకు ఆ గ్రీజు పని" అని మా అన్నయ్య లోపలికి పిలిచాడు. లెక్క వేయడానికి పనికొచ్చిన పిల్ల బోల్టు బిగించడానికి ఎందుకు పనికిరాదు? జుట్టు ముడేసుకుని, చున్నీ తీసి పక్కన పెట్టి పని చేస్తే సరిపోతుంది.

కుక్కరు విజిలు రాకపోతే మూత తీయకుండా ముందు స్టవ్వు కట్టేసేవాళ్లం మనం. ఆవిరితో, మంటతో, వేడి నూనెతో రోజూ పని చేసేవాళ్లం. యంత్రాల గురించి మాకేం తెలుసు అనడం మానేద్దాం. "ఇది ఎలా ఆగుతుంది?" అని అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. వాళ్లు జవాబు చూపించేదాకా ఇంజనుకి డబ్బు ఇవ్వకపోతే చాలు.