ప్రకటన వెలువడ్డాక పరుగు మొదలెడితే ఎలా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో తెల్లవారుజామున కాలువ గట్ల మీద పరుగులు తీసే యువకులు కొత్తేమీ కాదు. పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల తేదీలు పత్రికలలో పడిన మరునాటి నుంచి వీరి సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. పరీక్షలు ముగిసిన వారానికి గట్లు మళ్ళీ బోసిపోతాయి. పాలకేంద్రానికి పాలు తీసుకుపోయే పెద్దలు "ఏరా అబ్బాయ్, ఎవరు తరుముతున్నార్రా?" అని వేళాకోళం ఆడడమూ మామూలే. వారిని తరుముతున్నది పరీక్ష తేదీ. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల దూరాన్ని పురుషులు 8 నిమిషాలలో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. ఇందులో తప్పితే రాత పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా ప్రయోజనం లేదు. 400 మీటర్ల మైదానంలో ఇది నాలుగు చుట్లు. పురుషులు చుట్టు ఒక్కింటికి రెండు నిమిషాలు మించకూడదు. అంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం. ఊళ్ళో సైకిలు మీద తీరికగా పోయేవాని వేగం. ఆరోగ్యంగా ఉన్న యువకునికి ఇది అసాధ్యమైనదేమీ కాదు. అయితే రెండు మూడు వారాల హడావుడితో వచ్చేదీ కాదు.

గత నియామకాల తంతు చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వెలువడింది. 2023 జనవరి 22న ప్రాథమిక రాత పరీక్ష జరిగింది. 95 వేల మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. దేహదారుఢ్య పరీక్షలు మాత్రం వాయిదా మీద వాయిదా పడి, చివరకు 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. దాదాపు రెండేళ్ళు! అంతకాలం ఆశతో రోజూ పరుగెత్తేవారు ఎందరుంటారు? కొందరు విజయవాడలో దుకాణాలలో చేరారు. కొందరు రేపల్లె వైపు రొయ్యల చెరువుల కాపలాకు పోయారు. కొందరికి పెళ్ళిళ్ళూ అయ్యాయి. సాధన మూలపడింది, ఒళ్ళు వచ్చింది. తేదీలు తెలిశాక మళ్ళీ బూట్లు వెదుక్కున్నారు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడమంటే ఇదే. ఇందులో అభ్యర్థుల తప్పు కంటే తేదీలు తేల్చని యంత్రాంగం తప్పే ఎక్కువ.

రేపల్లెకు కృష్ణ ఆవల ఉన్న మచిలీపట్నంలో 2025 జనవరిలో ఒక అభ్యర్థి ఈ 1600 మీటర్ల పరుగులోనే కుప్పకూలి మరణించాడు. దానికి సాధన లోపమే కారణమని అనడం న్యాయం కాదు. కాని అలాంటి కబురు విన్న ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. అంతకు ముందు 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జార్ఖండులో ఎక్సైజు కానిస్టేబుళ్ళ ఎంపికలో గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తమన్నారు. పదిమందికి పైగా యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడి ప్రభుత్వం పరీక్షలు ఆపి, నిబంధనలు మార్చక తప్పలేదు.

పరుగు మొదలుపెట్టిన కొద్ది వారాలకే గుండె, ఊపిరితిత్తులు దానికి అలవాటు పడతాయి. ఎముకలు, కీళ్ళను పట్టి ఉంచే నరాలు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని కుర్రవాడు జోరు పెంచుతాడు. అప్పుడే మోకాలి కింద, కాలి ముందువైపు ఎముక వెంట సలుపు పుడుతుంది. తైలం రాసి, మందుబిళ్ళ మింగి మరునాడూ పరుగెత్తితే ఎముక చిట్లే ప్రమాదం ఉంది. లేడికి లేచిందే పరుగంటారు. అది లేడికి చెల్లింది.

తొలిసారి మొదలుపెట్టేవారికైనా, ఏడాది రెండేళ్ళు మానేసి మళ్ళీ దిగేవారికైనా మూడు నెలల వ్యవధి కావాలి. వారానికి మూడు రోజులు, దినం విడిచి దినం చాలు. మొదటి రెండు వారాలు అయిదు నిమిషాలు చురుకుగా నడిచి, ఆపైన ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఎనిమిది సార్లు. ఇది చూసి "ఇదేం పరుగు" అని నవ్వేవారు ఉంటారు. నవ్వనివ్వాలి. మూడు, నాలుగు వారాలలో పరుగును రెండు మూడు నిమిషాలకు పెంచి, నడకను ఒకటిన్నర నిమిషానికి తగ్గించాలి. ఆరో వారానికి ఆగకుండా పది నిమిషాలు, తొమ్మిదో వారానికి ఇరవై అయిదు నిమిషాలు పరుగెత్తగలిగితే సగం పని అయినట్లే. ఏ వారమైనా కష్టమనిపిస్తే ముందుకు పోకుండా అదే వారాన్ని మళ్ళీ చేయాలి. వేగం మాట ఆ తరువాతనే. అప్పుడు వారంలో ఒక్కరోజు 400 మీటర్లు రెండు నిమిషాలలో పరుగెత్తి, మూడు నిమిషాలు నడిచి, మళ్ళీ పరుగెత్తాలి. ఇలా నాలుగు సార్లు. నడక విరామాన్ని వారం వారం తగ్గించుకుంటూ పోతే పన్నెండో వారానికి నాలుగు చుట్లూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. పరీక్షకు ముందు వారం బాగా తగ్గించాలి. చాలామంది సరిగ్గా ఆ వారంలోనే విరుచుకుపడతారు.

ఎంత నెమ్మదిగా పరుగెత్తాలి? పక్కవానితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా. న్యూజిలాండుకు చెందిన ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు ఈ పద్ధతినే ప్రచారం చేశాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో స్వర్ణ పతకాలు గెలిచిన పీటర్ స్నెల్, ముర్రే హాల్‌బర్గ్ ఆయన శిష్యులు. ఛాంపియన్లే మొదట నెమ్మదిగా పరుగెత్తి గట్టిపడ్డారంటే, నిన్నటిదాకా దుకాణంలో కూర్చున్నవాడు మొదటిరోజే నాలుగు చుట్లకు తెగబడడంలో అర్థం లేదు.

స్థలం విషయం కూడా చూసుకోవాలి. బాపట్ల కుర్రవాళ్ళకు సూర్యలంక ఇసుక మీద మోజు. పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్కలు పట్టేస్తాయి. కొత్తవారు దాని జోలికి పోకపోవడమే మేలు. రేపల్లె వారికి కృష్ణ కరకట్ట ఉంది, మట్టిబాట కాళ్ళకు మెత్తన. తెనాలి చుట్టుపక్కల గ్రామాల వారికి చాలాచోట్ల తారు రోడ్డే గతి. చీకట్లో, మంచులో రోడ్డు మీద పరుగెత్తేవారు లేతరంగు చొక్కా వేసుకుని, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపున పరుగెత్తాలి. 89 ఏళ్ళ వయస్సులో, 2000 సంవత్సరంలో, లండన్ మారథాన్ పరుగెత్తిన పంజాబు వృద్ధుడు ఫౌజా సింగ్‌ను 2025 జులైలో బలిగొన్నది స్వగ్రామం దగ్గర రోడ్డు మీది వాహనమే.

ఆడపిల్లల ఇబ్బంది వేరు. వారికీ అదే దూరం, అదే ఉద్యోగం. కాని అయిదు గంటలకు కాలువ గట్టుకు ఒంటరిగా ఏ ఇంట్లోనూ పంపరు. తండ్రో అన్నో సైకిలు మీద వెంట వస్తేనే సాధన. కోతల రోజులలో వారికి తీరిక ఉండదు, ఆమె పరుగు ఆగిపోతుంది. ఇలా చేజారిన ఉద్యోగాలకు లెక్కాపత్రం లేదు.

పరుగులో ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం వంటివి ఒక్కసారి కనిపించినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. చిన్న వయస్సులో హఠాత్తుగా మరణించిన వారు కుటుంబంలో ఉంటే ముందుగానే గుండె పరీక్ష చేయించుకోవాలి. కొందరికి గుండె కండరం పుట్టుకతో వచ్చే లోపం వల్ల మందంగా ఉంటుంది. పైకి ఏమీ తెలియదు. జ్వరం తగిలిన వారంలో పరుగు వద్దే వద్దు. బలం వస్తుందని ఎవరో ఇచ్చే సూదిమందుల జోలికి అసలే పోరాదు.

ఇక చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. హైస్కూలు మైదానాల గేట్లు ఉదయం అయిదు నుంచి ఏడు వరకు తెరిచి ఉంచాలి. పంచాయతీ వారు రెండు దీపాలు వేసి, 200 మీటర్ల చుట్టును కొలిచి సున్నంతో గీత గీయిస్తే అమ్మాయిలూ అబ్బాయిలూ భయం లేకుండా పరుగెత్తుకుంటారు. వ్యాయామ ఉపాధ్యాయులు వారానికి ఒక్క ఉదయం వచ్చి చూస్తే మరీ మంచిది. నియామక మండలి దేహదారుఢ్య పరీక్షల తేదీని కనీసం మూడు నెలల ముందు ప్రకటించి, దానికి కట్టుబడి ఉండాలి. అది జరిగేదాకా యువకులు తేదీ కోసం కాచుకోనక్కరలేదు. ఈ సోమవారమే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టవచ్చు.