పెయింట్ తర్వాత, ముందు ఆర్సీ చూడండి బాబూ!

మా అగళి వైపు ఏ షెడ్డులోనైనా పాత పికప్ కనిపిస్తే చాలు, బెంగుళూరు నుంచి వచ్చిన మన సాఫ్ట్‌వేర్ సోదరులకి చేతులు దురద. కొన్న వారానికే రంగు డబ్బా తెస్తారు! బగ్గులన్నీ వదిలేసి హోంపేజీకి మెరుగులు దిద్దడం కాదూ ఇది? ముందు ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరూ, బండి మీదున్నదీ ఒకటేనా చూడండి. తర్వాత తుప్పు, బ్రేకులు, వైరింగు. రంగు ఆఖర్న.

"మనది వింటేజి కదా" అంటారా? 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్ళు దాటాలి, సొంత వాడకానిదై ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకూడదు. రోజూ రోడ్డెక్కించకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. షోకు కార్లకి అతికినట్టు సరిపోయింది! 1988లో వచ్చిన టాటామొబైల్‌కి 2038 దాకా ఆ పేరే దక్కదు.

మరి చెనక్కాయ మూటలు మోసిన బండ్ల సంగతి? ఇంజను మార్చి, రేకు అతికించి వాటిని ఇన్నాళ్ళూ బతికించింది మన ఊళ్ళ మెకానిక్కులే. ఆ బతికించడమే ఇప్పుడు అనర్హత అట! రాజావారి కారే చరిత్రా? రైతు బండి ఉత్త ఇనుప సామానా? ఏమంటారు?