ముక్కు చక్రం మీద ఎంత బరువు?

ఎద్దుల బండికి శనక్కాయ మూటలు ఎత్తే రైతును మీరెప్పుడైనా గమనించారా? ట్రాక్టర్లు వచ్చాక బండ్లు తగ్గాయి గాని, మన కర్నూలు, కడప పల్లెల్లో ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నాయి. మూటలన్నీ ముందుకు పేరిస్తే కాడి బరువుకు ఎద్దుల మెడలు నలుగుతాయి. అన్నీ వెనక్కి పేరిస్తే నొగలు పైకి లేస్తాయి. అందుకని రైతు బరువంతా ఇరుసు మీదకు వచ్చేటట్టు సర్ది, కాడి మీద కొద్దిపాటి భారం మాత్రమే మిగులుస్తాడు. ఎద్దు మెడ బలమైనదే కదా అని దాని మీద బండెడు బరువు మోపడు.

చిన్న విమానం సంగతీ ఇంతే. రెక్కల కింద రెండు పెద్ద చక్రాలు, ముక్కు కింద ఒక చిన్న చక్రం ఉంటాయి. పెద్ద చక్రాలు బండి ఇరుసు వంటివి. ముక్కు చక్రం ఎద్దు మెడ వంటిది. దిగేటప్పుడు ఈ ముక్కు చక్రం కాలు వంగిపోతే, "ఇంకా బలమైన కాలు పెట్టవలసింది" అని చాలామంది అంటారు. అది సగం జవాబేనని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

విమానాలను సొంతంగా కట్టుకునేవాళ్ళు ఉన్నారు. మన దేశంలో ముంబై పైలట్ అమోల్ యాదవ్ తన ఇంటి మేడ మీదే విమానం కట్టాడు. అమెరికాలో రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజనీరు తాను రూపొందించిన ఆర్‌వి-3 విమానాన్ని 1971లో ఎగురవేశాడు. తరువాత అతని సంస్థ విమాన భాగాలను అమ్మసాగింది. వాటిని కొని వేలాదిమంది తమ షెడ్లలో విమానాలు కట్టుకున్నారు. వాటిలో ఆర్‌వి-6ఎ వంటి కొన్ని రకాలకు ముక్కు చక్రం ఉంది. ఇంజను బిగించిన చట్రం నుంచి ముందుకు వాలి కిందికి దిగే సన్నని ఉక్కు కడ్డీయే దాని కాలు.

ఈ విమానాలు కొన్ని దిగేటప్పుడు పల్టీ కొట్టాయి. చక్రం గుంటలోనో మెత్తటి నేలలోనో దిగబడితే కడ్డీ వెనక్కి వంగుతుంది. చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు నేలకు తగిలి నాగలి కర్రులా గుచ్చుకుంటుంది. కాలు మడిచిపోతుంది, విమానం బోర్లా పడుతుంది. పై గాజు మూత నేలకు ఆనితే లోపలివాళ్ళు బయటికి రావటం కష్టం. అప్పుడు నిప్పు రాజుకుంటే ఏమవుతుందో మీరే ఊహించండి.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఈ ప్రమాదాలను పరిశీలించింది. కాలు తన పనికి తగినంత బలంగానే ఉందని 2005లో తేల్చింది. మరి తగినంత బలం ఉన్న కాలు ఎందుకు మడిచిపోతుంది? లెక్క వేసి చూద్దాం.

విమానం బరువు 800 కిలోలు అనుకోండి. పెద్ద చక్రాలకు, ముక్కు చక్రానికి నడుమ దూరం 150 సెంటీమీటర్లు. గరిమనాభి పెద్ద చక్రాలకు 20 సెంటీమీటర్లు ముందుగా, నేలకు 100 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. భ్రామకాల సూత్రం ప్రకారం నిలిచి ఉన్నప్పుడు ముక్కు చక్రం మీద పడే భారం 800 × 20 ÷ 150, అంటే సుమారు 107 కిలోలు. ఇప్పుడు పైలట్ గట్టిగా బ్రేకు వేశాడు. విమానం బరువులో పదింట మూడు వంతుల బలం దాన్ని ఆపుతోందనుకుందాం. ముక్కు మీద అదనంగా 240 × 100 ÷ 150, అంటే 160 కిలోలు పడతాయి. మొత్తం 267 కిలోలు! కాలు అదే, భారం రెండున్నర రెట్లయింది. చక్రం గుంటలో పడితే ఇంకా ఎక్కువ.

కనుక నేర్పరి పైలట్ పెద్ద చక్రాలనే ముందు నేలకు తాకిస్తాడు. కంట్రోల్ స్టిక్‌ను వెనక్కి లాగి ముక్కును పైకెత్తి ఉంచుతాడు. తోక మీది ఎలివేటర్ బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతు అవుతుంది. అందుచేత వేగం తగ్గేకొద్దీ స్టిక్‌ను ఇంకా వెనక్కి లాగుతూ పోవాలి. బ్రేకు మెల్లగా వేయాలి. ముక్కు ముందు తగిలి విమానం ఎగిరిపడితే, స్టిక్‌ను ముందుకు తోయటం అన్నిటికన్నా పెద్ద తప్పు. రెండో దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. ఇంజను జోరు పెంచి మళ్ళీ పైకి లేచి, ఇంకొకసారి దిగటం మేలు.

మన సీమలో ఇంకొక చిక్కు ఉంది. ఓర్వకల్లులో 2021 మార్చిలో ప్రారంభమైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయంలో 2,000 మీటర్ల గట్టి రన్‌వే ఉంది. కాని మే నెల ఎండ మాటేమిటి? 15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండే గాలి కంటే 42 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 9 శాతం తక్కువ. వేగం చూపే మీటరు గాలి ఒత్తిడిని బట్టి పనిచేస్తుంది. చల్లని గాలిలో అది 100 కిలోమీటర్లు చూపినప్పుడు అసలు వేగం 100 అయితే, ఈ వేడిగాలిలో అదే అంకె వద్ద అసలు వేగం దాదాపు 105. గతిశక్తి 9 శాతం ఎక్కువ. ఇక చిన్న విమానాలు మట్టి నేలల మీద కూడా దిగుతాయి. మన నల్లరేగడి వానకు బురదై దిగబడుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ముక్కు చక్రానికి రెండూ శత్రువులే.

అలాగని నేరమంతా పైలట్ మీదకు నెట్టటం నాకు ఇష్టం లేదు. మనిషి అలసిపోతాడు, పొరబడతాడు. ఆ ఒక్క పొరపాటుకు ప్రాణం పోకూడదు. వాన్‌గ్రన్స్‌వెన్ సంస్థ కూడా పైలట్లను తప్పుపట్టి ఊరుకోలేదు. 2007లో ఫోర్కును మార్చి, నేలకు దానికి మధ్య ఎడం పెంచింది. ఆ సంస్థ రూపొందించిన ఆర్‌వి-10, ఆర్‌వి-14ఎ విమానాల ముక్కు కాలికి దెబ్బను మింగే రబ్బరు వంటి బిళ్ళలు ఉన్నాయి. మంచి ఇంజనీరు అంటే, ఎదుటివాడు తప్పు చేస్తాడని ముందే తలచి జాగ్రత్తపడేవాడు. మంచి పైలట్ అంటే, ఆ జాగ్రత్త అవసరం రాకుండా చూసుకునేవాడు.

మీలో రేపు ఎవరు విమానం కడతారో, ఎవరు నడుపుతారో నాకు తెలియదు. ఈలోగా బండికి మూటలెత్తే రైతు కనిపిస్తే, చివరి మూటను ఎక్కడ పెట్టాడో, అక్కడే ఎందుకు పెట్టాడో అడిగి చూడండి.