నాలుగు వేళ్ల మడత

మా అక్క కూతురి మొదటి పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో ఒక ఫ్రాక్ ఆర్డర్ చేశా. నా సొంత డబ్బులతో కొన్న మొదటి గిఫ్ట్ అది. నెట్ గుడ్డ, నిండా చెమ్కీలు, వీపు మీద పెద్ద బో. ఫోటోలో సూపర్‌గా ఉంది. పాపకి వేసిన పది నిమిషాలకే ఏడుపు మొదలు. విప్పి చూస్తే మెడ చుట్టూ, చంకల దగ్గర ఎర్రగా గీతలు. అమ్మ నన్ను ఏమీ అనలేదు. లోపలికెళ్లి తను కుట్టిన నూలు గౌను తెచ్చి వేసింది. పాప మళ్లీ పాక్కుంటూ కేక్ వైపు వెళ్లిపోయింది.

నాకైతే ఈగో బాగానే దెబ్బతింది. ఆ రాత్రి రెండు బట్టల్నీ తిరగేసి పక్కపక్కన పెట్టి చూశా.

ఫ్రాక్ లోపల ఓవర్‌లాక్ చేసిన గరుకు అంచులు, చెమ్కీల దారం ముడులు, మెడ దగ్గర గట్టి లేబుల్. అన్నీ పాప ఒంటివైపే. గౌను లోపల వెతికినా గుడ్డ అంచు కనిపించలేదు. ముందు ఒకసారి కుట్టి, తిప్పి, ఆ అంచు లోపలే మూసుకుపోయేలా మళ్లీ కుట్టింది అమ్మ. అంటే ప్రతి కుట్టూ రెండుసార్లు. ఛాతీ మీద గొలుసు కుట్టుతో ఒక చిన్న పిచ్చుక. దాని దారాలు పాపకి తగలకుండా వెనక మెత్తటి పాత గుడ్డ ముక్క. గుండీలు లేవు, ఎందుకంటే పాప ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. ఇక కింద అంచులో నాలుగు వేళ్ల వెడల్పు మడత ఉంది.

"ఇంత గుడ్డ లోపలికి ఎందుకు మడిచినావమ్మా, వేస్ట్ కదా?" అన్నా.

"పిల్ల ఆడనే ఆగిపోతాదా రా? పెరిగేదానికి కుట్టల్ల" అంది.

రిక్వైర్‌మెంట్స్ మారతాయి, మారినప్పుడు తట్టుకునేలా డిజైన్ చెయ్యాలి అని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ క్లాసులో మనం నోట్స్ రాసుకున్నాం. పదో తరగతితో చదువు ఆగిపోయిన మా అమ్మ దాన్ని గుడ్డలో మడిచి పెట్టింది.

ఆ గౌను ఫోటో స్టేటస్‌లో పెడితే ఫ్రెండ్స్ అందరూ ఒకటే రాశారు, "ప్రేమతో కుట్టింది కదా, అందుకే అంత బాగుంది" అని. ఈ మాటతోనే నాకు గొడవ. ప్రేమ నాకు లేదా? ఆ ఫ్రాక్ కూడా ప్రేమతోనే కొన్నా. తేడా అంతా అమ్మకు తెలిసినదాంట్లో ఉంది. ఇంట్లో ఆడవాళ్లు చేసే పనికి ప్రేమ అని పేరు పెట్టేస్తే అందులో నేర్చుకోవాల్సింది ఏమీ లేనట్టు అయిపోతుంది. పొగిడినట్టే పొగిడి ఆ తెలివిని పక్కన పెట్టేస్తున్నాం.

మాది ధరూర్. బస్సెక్కితే గద్వాల. గద్వాల చీర గురించి మీరందరూ వినే ఉంటారు. నూలు చీరకి పట్టు అంచు, జరీ కొంగు. నూలు పేకనీ పట్టు పేకనీ ఒకదానితో ఒకటి చేత్తో మెలివేసి కలుపుతారు. ఆ నేతను కుప్పడం అంటారు. అమ్మ ఆ గౌను కుట్టింది మా అవ్వ కట్టి కట్టి మెత్తబడిన గద్వాల చీరతోనే. ఒంటికి తగిలే చోట అంతా చీర మధ్యలోని నూలు. జరీ అంచును మెడ దగ్గరికి రానివ్వలేదు. గీసుకోకుండా కింద చుట్టూ బయటివైపు మాత్రమే వేసింది. పురిటి బిడ్డకి పాత నూలు గుడ్డలే వెయ్యాలని పెద్దవాళ్లు అంటుంటే నేను మూఢనమ్మకం అనుకునేవాణ్ణి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, గరుకు ఉంటుంది. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డలో అవి ఉండవు. అంతే లాజిక్.

మా చుట్టుపక్కల విత్తన పత్తి చేలు, పక్కనే మగ్గాలు. నేను పాపకి తెప్పించింది మాత్రం కొరియర్‌లో వచ్చిన పాలిస్టర్ నెట్!

ఇంకో సంగతి. అమ్మ చిన్నపిల్లల బట్టలకి మెడ దగ్గర తాళ్లు, నాడాలు అస్సలు పెట్టదు, "యాడన్నా తగులుకుంటాది" అంటుంది. అమెరికాలో పిల్లల జాకెట్ల మెడ తాళ్లు జారుడుబల్లల్లాంటి వాటికి చిక్కుకుని పిల్లలు చనిపోయాక, అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ అలాంటి తాళ్లు పెట్టొద్దని 1996లో మార్గదర్శకాలు ఇచ్చింది. అమ్మకి ఆ సంగతి తెలీదు. పాకే పిల్లల్ని చూస్తూ తెలుసుకుంది.

అలాగని రెడీమేడ్ బట్టలు మానెయ్యమని నేను చెప్పట్లేదు. అమ్మ ఆ గౌను కుట్టింది రోజంతా పనిచేసి, రాత్రుళ్లు కూర్చుని. రోజూ వేసే బట్టలన్నీ అట్లా కుట్టమనడం అన్యాయం. 2017లో మన రాష్ట్రంలో మొదలైన కేసీఆర్ కిట్‌లో కూడా పుట్టిన బిడ్డకి బట్టలు పెట్టి ఇచ్చారు. చాలా ఇళ్లకి అది నిజంగా ఉపయోగమే. అలాగే చేత్తో చేసిందంతా పిల్లలకి మంచిదనీ కాదు. మా పాలమూరు తండాల్లో లంబాడీ ఆడవాళ్లు బట్టల మీద కుట్టే అద్దాలు, గవ్వలు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ అదే అద్దం ఊడి ఏడాది పాప చేతికి దొరికితే? ఏది ఎవరికి, ఎక్కడ కుట్టాలో తెలియడమే అసలు పనితనం.

నా భయం వేరే ఉంది. ఈమధ్య అమ్మకి దగ్గర చూపు తగ్గింది. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలుస్తుంది. పందొమ్మిదేళ్లలో కుట్టుపనిలో నేను చేసింది అదొక్కటే. స్కూల్లో క్రాఫ్ట్ పీరియడ్ అంటే అమ్మాయిలకి రుమాలు మీద కుట్లు, మాకు థర్మాకోల్ మోడళ్లు. అమ్మ ఎన్నేళ్లుగానో అంటున్న "గొలుసు కుట్టు" ఏంటో యూట్యూబ్‌లో చైన్ స్టిచ్ వీడియో చూశాకే నాకు అర్థమైంది. అక్కకైనా వచ్చా అంటే, "నువ్వు చదువుకో, ఇది నీకెందుకు" అని అమ్మే దూరం పెట్టింది. అంటే మా ఇంట్లో ఈ విద్యకి ఉన్నది ఒకే కాపీ. బ్యాకప్ లేదు. మీ ఇంట్లో కూడా ఇంతే అయ్యుండొచ్చు.

అందుకే అడుగుతున్నా. ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ చిన్నప్పటి బట్ట ఒకటి బీరువాలోంచి తీసి తిరగేసి చూడండి. కుట్టినవాళ్లు ఎదురుగా ఉంటే ఎందుకు అట్లా కుట్టారో అడగండి. ఒక్క కుట్టయినా నేర్చుకోండి. అబ్బాయిలు ముఖ్యంగా.

నేను మొదలుపెట్టా. పాప పొడుగైంది, మొన్న ఇంటికెళ్లినప్పుడు మడతలో సగం దింపాల్సి వచ్చింది. విప్పింది నేనే, కొత్త అంచు కుట్టింది కూడా నేనే. గంటన్నర పట్టింది, రెండుసార్లు వేలికి సూది గుచ్చుకుంది, కుట్టు వంకర వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చుట్టూ చూసింది. మళ్లీ విప్పమంటుందేమో అనుకున్నా.

"ఉండనీలే, కొన్నాళ్లకు మళ్లా దింపేదే కదా" అంది.