ఎటు పరుగెత్తాలి?

2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల వేళ. విశాఖపట్నం ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో జనం ఘాటు వాసనకు ఉక్కిరిబిక్కిరై నిద్ర లేచారు. ఎల్‌జీ పాలిమర్స్‌ ట్యాంకు నుంచి స్టైరీన్‌ ఆవిరి ఊరిమీదికి పరుచుకుంటోంది. సైరన్‌ మోగలేదు. పిల్లల్ని చంకనేసుకుని చీకట్లో బయటపడ్డవాళ్లు నాలుగడుగులు వేసి రోడ్డుమీదే కుప్పకూలారు. కళ్లు మండి దారి కానరాక మురుగుకాల్వల్లో పడ్డవారున్నారు. 12 మంది ప్రాణాలు పోయాయి. ఎటు వెళ్తే ఊపిరి ఆడుతుందో ఆ ఊరివాళ్లకు అంతకుముందు చెప్పిన నాథుడు లేడు.

అంతకు 23 ఏళ్ల కిందట, 1997 సెప్టెంబరు 14 ఉదయం, హెచ్‌పీసీఎల్‌ రిఫైనరీలో గ్యాస్‌ అంటుకుని 60 మంది దాకా చనిపోయారు. నాడూ వేలమంది కట్టుబట్టలతో ఇళ్లు వదిలి తలోదిక్కుకు పరుగులు తీశారు. నడుమ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను వచ్చి నగరాన్ని ఊడ్చేసింది. ఇన్ని దెబ్బలు తిన్న ఊళ్లో ఆపద వేళ బయటపడే దారి ప్రతి గడపకూ తెలిసి ఉండాలి. అది తెలియజేయడం ప్రభుత్వ దయాదాక్షిణ్యం కాదు, విధి. వచ్చే తుపాన్ల కాలంలోగా విశాఖలో వార్డువారీగా తరలింపు మార్గాలను ఖరారుచేసి, తెలుగులో ప్రకటించి తీరాలన్నది మా స్పష్టమైన డిమాండు.

విశాఖ నైసర్గిక స్వరూపమే ఒక చిక్కు. తూర్పున సముద్రం, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ. వీటి మధ్య ఓడరేవు, నేవీ, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం, వాటిని ఆనుకుని లక్షల ఇళ్లు. మల్కాపురం, శ్రీహరిపురం సంగతే చూడండి. అక్కడినుంచి బయటపడటానికి ప్రధానంగా ఉన్నవి రెండు దారులు. ఒకటి సింధియా మీదుగా కాన్వెంట్‌ జంక్షన్‌ వైపు, రెండోది గాజువాక వైపు. ఏ ప్రమాదానికి భయపడి పారిపోవాలో ఆ రిఫైనరీ పక్కనుంచే వెళ్లాలి! మామూలు రోజు సాయంత్రం ట్యాంకర్ల నడుమ ఆటో కదలని రోడ్డది. ఇక అర్ధరాత్రి సైరన్‌ మోగితే మంచానపడ్డ తల్లిని మోసుకుని ఎవరైనా ఎటు పోతారు? పక్కనే నేవీ, పోర్టు ప్రాంగణాల్లో వెడల్పాటి రోడ్లున్నాయి. గండం వచ్చినప్పుడు ఆ గేట్లు తెరిచేదెవరు, ఎవరి ఫోనుకు తెరుస్తారు? ఇది ముందే రాతపూర్వకంగా తేలాలి.

అన్ని ఆపదలకూ ఒకటే దారి పనికిరాదన్నది అధికారులు ముందు గుర్తించాలి. తుపానుకు రెండు మూడు రోజుల వ్యవధి దొరుకుతుంది. అప్పుడు లక్షలమందిని జాతీయ రహదారి మీదికి ఎక్కించాల్సిన పనిలేదు. పక్కవీధిలోని గట్టి బడి భవనంలోకి చేరిస్తే చాలు. హుద్‌హుద్‌ నాడు గంటకు 180 కిలోమీటర్ల గాలికి చెట్లు, కరెంటు స్తంభాలు అడ్డంపడి రోడ్లన్నీ మూసుకుపోయాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. కాబట్టి ప్రతి ప్రధాన మార్గానికీ చెట్లు కోసే యంత్రాలను, వాటిని నడిపే మనుషులను ముందే కేటాయించాలి. సునామీకి దొరికేది కొద్దిసేపే, అయితే విశాఖకు కొండలే రక్ష. తీరంలోని పెదజాలారిపేట ఇరుకు సందుల్లోంచి కాలినడకన మిట్టకు ఎలా చేరాలో గోడలమీద బాణం గుర్తులు పెట్టడానికి కోట్లు అక్కర్లేదు, పది డబ్బాల రంగు చాలు.

విషవాయువు లెక్క వేరు. స్టైరీన్‌ ఆవిరిగానీ, వంటగ్యాస్‌గానీ గాలికంటే బరువు. పల్లంలో పేరుకుంటాయి. గాలి వీచే దారిలోనే పరుగెత్తితే విషం వెంటే వస్తుంది. గాలికి అడ్డంగా, పక్కకు, మెరకకు పోవాలి. గాలివాటం చూసి ‘ఈ వీధులవాళ్లు ఇటు, ఆ వీధులవాళ్లు అటు’ అని మైకులో చెప్పే మనిషి ఉండాలి. ఆ మాట వెలువడిన క్షణమే లారీలను అనకాపల్లి, ఆనందపురం దగ్గర నిలిపి బైపాస్‌కు మళ్లించాలి.

ఇవేవీ కొత్త కోరికలు కావు. ప్రమాదకర రసాయనాలపై 1989లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పరిశ్రమ ఆవరణ బయటి ప్రజలకోసం అత్యవసర ప్రణాళిక ఉండాలి, ఏడాదికోసారైనా రిహార్సల్‌ చేయాలి. ప్రమాదమేంటో, వస్తే ఏంచేయాలో చుట్టుపక్కల జనానికి తెలిసేలా చూడాలి. కలెక్టరేట్‌ బీరువాలోని దస్త్రం మల్కాపురం ఆటోడ్రైవరుకు తెలియకపోతే దాన్ని ప్రణాళిక అనలేం. ఇవన్నీ చెబితే జనం భయపడతారనీ, స్థలాల ధరలు పడిపోతాయనీ వాదించేవారున్నారు. వెంకటాపురంలో బిడ్డను పోగొట్టుకున్న ఇంటిముందు నిలబడి ఆ మాట అనగలరా?

శ్రీకాకుళానికి పొరుగునున్న గంజాం జిల్లాలో వెంకట్రాయిపూర్‌ అనే మత్స్యకార పల్లె 2020లో యునెస్కో నుంచి ‘సునామీ రెడీ’ గుర్తింపు పొందింది. ఆ గుర్తింపునకు తరలింపు పటాలు, దారి సూచికలు, కసరత్తులు తప్పనిసరి. ఒక పల్లె చేసిన పని మహానగరం చేయలేదా? మంచానపడ్డవారు, గర్భిణులు, డయాలసిస్‌ రోగులు ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్తకు బాగా తెలుసు. ఆ జాబితా వార్డు సచివాలయంలో ఉండాలి, ఎవరిని ఏ వాహనం ఎక్కించాలో పేరుపేరునా రాసి ఉండాలి.

ఈ ఏడాది రిహార్సల్‌ను పగటిపూట, ఫ్యాక్టరీ గేటు లోపల, ఫొటోలకోసం జరిపి సరిపెట్టవద్దని జిల్లా కలెక్టరును కోరుతున్నాం. తెల్లవారుజామున మూడు గంటలకు, మల్కాపురం వీధుల్లో, అక్కడి జనంతోనే జరపండి. తేదీ ఈ వారమే ప్రకటించండి.