ఉముకీ రుముకీ మధ్య

నైజీరియా తూర్పు ప్రాంతంలో ఉముఆహియా ప్రభుత్వ కళాశాల అనే పాత బడి ఒకటుంది. కొద్ది సంవత్సరాల తేడాతో అక్కడ చదివిన ఇద్దరు పిల్లలు ఆ తర్వాత ఇబదాన్ విశ్వవిద్యాలయ కళాశాలకు వెళ్లారు, ఇద్దరూ నవలాకారులయ్యారు. ఒకరు ఒగిడి ఊరివాడు చినువా అచెబె, రెండోవారు పోర్ట్ హార్కోర్ట్ పక్కనున్న అలూ ఊరివాడు ఎలెచి అమాది. ఇద్దరి నవలల్లోనూ పెండలం పొలాలు, కుస్తీ పోటీలు, ఊరి పెద్దల తీర్పులు, మనిషికొకటిగా వెంట ఉండే ‘చి’ అనే దేవత కనిపిస్తాయి. పేర్లు తీసేసి చదివితే రెండూ ఒకే తాలూకా కథలనిపిస్తాయి. 1967లో అంతర్యుద్ధం మొదలయ్యాక అచెబె, నైజీరియా నుంచి విడిపోతున్నానన్న తూర్పు ప్రాంతం, అంటే బయాఫ్రా తరఫున దేశదేశాలు తిరిగాడు. అమాదిని అదే బయాఫ్రా ప్రభుత్వం నిర్బంధంలో పెట్టింది. బయటపడ్డాక ఆయన నైజీరియా సైన్యంలో చేరి ఎదుటి పక్షాన నిలబడ్డాడు. తనవాళ్లైన ఇక్వెర్రెలు వేరే జాతి, అచెబెలా ఇగ్బోలు కారు అన్నది ఆయన మాట.

అచెబె తొలి నవల ‘చెదిరిన సమాజం’గా తెలుగు పాఠకులకు తెలుసు. అమాది ఇక్కడ దాదాపు ఎవరికీ తెలియడు. ఇగ్బోల ఐక్యత గురించి మాట్లాడాలంటే మాత్రం ఈ రెండో మనిషి దగ్గరే మొదలుపెట్టాలి.

ఎందుకంటే ఐక్యతా పిలుపులన్నీ ఇలాంటివారి గుమ్మం ముందే ఆగిపోతున్నాయి. అనంబ్రా, ఇమో, అబియా, ఎనుగు, ఎబోనీ అనే అయిదు ఆగ్నేయ రాష్ట్రాలు ఇగ్బోల గడ్డ. వాటి వెలుపల రివర్స్ రాష్ట్రంలో ఇక్వెర్రెలు, ఎచెలు ఉన్నారు. నైజర్ నది దాటితే డెల్టా రాష్ట్రంలో అనియోమా ప్రాంతపు ఇకాలు, ఉక్వువానీలు, అసాబా జనం ఉన్నారు. వీళ్లు మాట్లాడేది ఇగ్బో మాండలికమా, ఇగ్బోకి చెల్లెలి వరసైన భాషా అన్నది అక్కడ రాజకీయ ప్రశ్న. ‘మీరూ మావాళ్లే, వచ్చి కలవండి’ అని ఆగ్నేయ నాయకులు అంటుంటారు. ‘ఎప్పటి నుంచి?’ అని అవతలివాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా రక్తసంబంధం, భాష, సామెతలు ఏకరువు పెట్టినంత మాత్రాన పని జరగదు. ఇక్కడ అడ్డుపడుతున్నది భాషాశాస్త్రం కాదు, ఆస్తి.

పోర్ట్ హార్కోర్ట్ కథ చూస్తే ఇది తెలుస్తుంది. 1909లో ఎనుగు దగ్గర బొగ్గు బయటపడింది. దాన్ని ఓడలకెక్కించడానికి బ్రిటిష్‌వాళ్లకు రేవు కావలసివచ్చింది. దియోబు ఇక్వెర్రెల భూమి తీసుకుని రేవు కట్టి, అప్పటి వలస మంత్రి హార్కోర్ట్ పేరు పెట్టారు. రైలు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి, వాటి వెంట ఎగువ ఇగ్బో ఊళ్ల నుంచి గుమాస్తాలూ వర్తకులూ కూలీలూ దిగారు. భూమి ఇచ్చినవాళ్లు నష్టపరిహారం కోసం ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడుపుతుండగానే ఊళ్లో దుకాణాలు, అద్దె ఇళ్లు, పురపాలక పదవులు చాలావరకు వచ్చినవాళ్ల చేతికి వెళ్లిపోయాయి. వచ్చినవాళ్లు కష్టపడి సంపాదించుకున్నారన్నది నిజమే. కానీ పెరట్లో పట్నం లేచి, ఆ పట్నంలో తాను పరాయివాడైపోతే ఏ మనిషైనా లోలోపల లెక్క రాసుకుంటాడు.

రాజకీయాల్లోనూ అలాంటి లెక్కే ఒకటి మిగిలింది. 1953లో తూర్పు ప్రాంత ప్రభుత్వాన్ని నడుపుతున్న ఎఫిక్ నాయకుడు ఎయో ఇటాను పక్కకు తప్పించారు, మరుసటి ఏడాది నామ్డి అజికివే పగ్గాలు పట్టారు. అజికివే మహానాయకుడు, పత్రికాధిపతి, తర్వాత నైజీరియా తొలి అధ్యక్షుడు. అయినా చిన్న జాతుల మనసులో మాత్రం ‘పెద్దవాళ్లు మనల్ని ఉంచరు’ అన్న మాట పడిపోయింది. మైనారిటీల భయాలు విచారించడానికి 1957లో విలింక్ కమిషన్ వేయవలసినంతగా ఆ మాట పాకింది.

1967 మే 27న సైనిక పాలకుడు గోవన్ దేశాన్ని 12 రాష్ట్రాలుగా కోశాడు. తూర్పు ప్రాంతం మూడు ముక్కలై, రేవూ చమురూ రివర్స్ వైపు పోయాయి. మూడు రోజుల తర్వాత తూర్పు ప్రాంత గవర్నరు ఒజుక్వు దాన్ని బయాఫ్రా అనే స్వతంత్ర దేశంగా ప్రకటించాడు. ఆ కొత్త దేశంలో చిన్న జాతులవాళ్ల మీద అనుమానం పెరిగి ‘సాబో’ అనే తిట్టు పుట్టింది. ద్రోహి అని దాని అర్థం. 1970 జనవరిలో యుద్ధం ముగిశాక ఇక్వెర్రెల ఊళ్ల పేర్ల ముందు ఒక ‘ర’కారం చేరింది. ‘ఉము’ అంటే ఇగ్బోలో సంతతి, ఫలానావారి పిల్లలు. ఉముఒకొరో కాస్తా రుముఒకొరో అయింది. ఇది తమ పాత పలుకుబడేనని ఇక్వెర్రెలు అంటారు, ఇగ్బోతనం చెరిపేయడానికి అతికించారని ఇగ్బోలు అంటారు. ఒక్క అక్షరం మీద ఇంత వాదన నడుస్తోందంటే దాని వెనుక గాయం ఎంత లోతుదో ఊహించవచ్చు.

గాయం ఇటు వైపూ ఉంది. యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగివచ్చిన ఇగ్బోలకు పోర్ట్ హార్కోర్ట్‌లో తమ ఇళ్లు తమవి కాకుండా పోయాయి. ‘విడిచిపెట్టిన ఆస్తులు’ అని ప్రభుత్వం వాటికి ముద్దుపేరు పెట్టింది. విడిచిపెట్టింది ఎవరు? బాంబులకు భయపడి పరుగెత్తినవాళ్లు! బ్యాంకులో ఎంత దాచుకున్నా చేతికిచ్చింది 20 పౌండ్లు. ఇగ్బో కుటుంబాల్లో తాతల నుంచి మనవలకు దిగిన కథలివి. మూడు తరాలుగా ఒక ఇంటివాళ్లు ఇల్లు పోయిందని, పక్కింటివాళ్లు భూమి పోయిందని చెప్పుకుంటున్నారు. రెండు కథలూ ఒకే వీధిలో జరిగాయి.

నదికి అవతల అసాబా కథ వేరు. అనియోమా ప్రజలు అప్పటికే మధ్య పశ్చిమ ప్రాంతంలో ఉన్నారు, బయాఫ్రాలో లేరు. 1967 అక్టోబరులో ఫెడరల్ సైన్యం ఊళ్లోకి వచ్చినప్పుడు వేడుకల్లో కట్టే తెల్లని ‘అక్వా ఓచా’ బట్టలు కట్టుకుని, ‘ఒకే నైజీరియా’ అని పాడుతూ ఎదురెళ్లారు. సైనికులు మగవాళ్లనూ కుర్రవాళ్లనూ విడదీసి కాల్చారు. వందల మంది పోయారు. ఇగ్బోలు కామని చెప్పుకున్నా తూటా వినలేదని ఆగ్నేయంవాళ్లు దీన్ని ఉదాహరణగా చూపిస్తారు. ఇగ్బోల యుద్ధంలో నలిగింది తామేనని అసాబాలో కొందరు గుర్తుచేస్తారు. ఒకే శవాల గుట్ట నుంచి రెండు వ్యతిరేక పాఠాలు తీసుకున్నారు!

తెలుగువారికి ఈ పేచీ మరీ కొత్తది కాదు. తెలుగువాడినని చెప్పుకోవడానికి ఏ అభ్యంతరమూ లేని తెలంగాణ మనిషి, తనను ‘ఆంధ్రుడు’ అంటే ఒప్పుకోలేదు. 1956లో పెద్దమనుషులు రాసుకున్న ఒప్పందం అమలై ఉంటే ఆ పేరు అంత గుచ్చుకునేదా అన్నది వేరే చర్చ. నైజీరియాలో రక్తం పారింది, ఇక్కడ పారినదానితో దానికి పోలిక లేదు. కానీ అందరికీ ఒకే గొడుగు పట్టేటప్పుడు దాని కర్ర ఎవరి చేతిలో ఉందో చూసుకునే స్వభావం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇంతకీ ఐక్యత అవసరమేనా? లెక్కలు అవసరమేనంటున్నాయి. నైజీరియాలో నిధులు, సెనేట్ స్థానాలు, మంత్రి పదవులు రాష్ట్రాల సంఖ్యను బట్టి పంచుతారు. ఆరు మండలాల్లో వాయవ్యానికి ఏడు రాష్ట్రాలు, నాలుగింటికి ఆరేసి, ఆగ్నేయానికి అయిదే. దేశంలోని 774 స్థానిక ప్రభుత్వాల్లో ఆగ్నేయం మొత్తానికీ 95 ఉంటే, ఉత్తరాన ఒక్క కానో రాష్ట్రానికే 44 ఉన్నాయి. ఆగ్నేయానికి మరో రాష్ట్రం ఇవ్వాలని 2014 జాతీయ సదస్సు సిఫారసు చేసింది. ఇక్కడే తమాషా మొదలైంది. రావలసింది ఒక్క రాష్ట్రం. అడిగేవాళ్లేమో అదాదా కావాలని, అబా కావాలని, ఓర్లు కావాలని, ఎతితి కావాలని తలోవైపు లాగుతున్నారు. వీటికి తోడు నది అవతలి అనియోమాను రాష్ట్రం చేసి ఆగ్నేయంలో కలపాలని ఆ ప్రాంతపు సెనేటరు నెడ్ న్వొకో పట్టుబట్టారు. రాష్ట్రం కావాలి గానీ ఆగ్నేయంలో కలవబోమని అనియోమాలోనే చాలామంది అడ్డం తిరిగారు. రాజ్యాంగం ప్రకారం కొత్త రాష్ట్రానికి ఆ ప్రాంత ప్రతినిధుల్లో మూడింట రెండు వంతులు, ఆపైన ప్రజాభిప్రాయ సేకరణ, ఆపైన మిగతా రాష్ట్రాల మద్దతు కావాలి. ఇంట్లోనే అయిదు దస్తావేజులు తిరుగుతుంటే పక్కవాళ్లు సాక్షి సంతకం దేని మీద పెడతారు? పౌర ప్రభుత్వం హయాంలో నైజీరియాలో ఏర్పడిన ఏకైక ప్రాంతం 1963 నాటి మధ్య పశ్చిమం. ఇప్పటి రాష్ట్రాలన్నీ సైనికుల కలం పోటుతో వచ్చినవే.

అయిదు రాష్ట్రాల లోపలైనా పొత్తు కుదిరిందా అంటే అదీ లేదు. 2023 ఎన్నికల తర్వాత ఆ అయిదింటినీ నాలుగు పార్టీలు పాలించాయి. ఎబోనీ పొలాల్లో పనిచేసే ఇజ్జీ, ఎజ్జా, ఇక్వో జనాన్ని తక్కిన ఇగ్బోలు చాలాకాలం చిన్నచూపు చూశారు. 1996లో ఎబోనీ విడి రాష్ట్రం అయ్యాకే వాళ్ల మాటకు కాస్త బరువొచ్చింది. దేవతకు అర్పించినవారి సంతతిగా ‘ఒసు’ కుటుంబాలను వేరుగా ఉంచే ఆచారాన్ని 1956లోనే చట్టం రద్దు చేసింది, అయినా పెళ్లి సంబంధాల దగ్గర అది ఇంకా తలెత్తుతుంది. సొంత ఇంట్లో పంక్తి వేరుచేసేవాళ్లు పొరుగువాణ్ణి ఒకే పంక్తికి పిలిస్తే అతను అనుమానంగానే చూస్తాడు.

2023 అధ్యక్ష ఎన్నికల్లో ఇగ్బో అభ్యర్థి పీటర్ ఒబికి వచ్చిన 61 లక్షల ఓట్లను ఇగ్బో ఐక్యత విజయంగా చాలామంది రాశారు. ఆ లెక్క సరిగా చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. ఆయన గెలిచిన 11 రాష్ట్రాల్లో అయిదే ఆగ్నేయంవి. లాగోస్, ప్లాటో, నసరావా, ఎడో, క్రాస్ రివర్ కూడా ఆయనకు వచ్చాయి. డెల్టా కూడా వచ్చింది. రివర్స్ రాలేదు, అక్కడి లెక్కింపుపై ఆరోపణలూ వచ్చాయి. డెల్టాలో, ప్లాటోలో ఓటేసినవాళ్లను ముందుగా ఎవరూ ‘నువ్వు ఇగ్బోవని ఒప్పుకో’ అనలేదు. ఆయన మాట్లాడింది పాలన గురించి, కుర్రాళ్ల ఉద్యోగాల గురించి.

ఈ పాఠం ఇగ్బోల చరిత్రలో ఇంతకుముందే ఉంది. 1929 నవంబరులో ఉముఆహియా దగ్గర ఓలోకో ఊళ్లో, ఆడవాళ్ల మీద కూడా పన్ను వేస్తారన్న వార్తతో స్త్రీలు తిరగబడ్డారు. బ్రిటిష్‌వాళ్లు నెత్తిన కూర్చోబెట్టిన ‘వారెంటు’ దొరల ఇళ్ల ముందు కూర్చుని, పాటలు కట్టి ఎగతాళి చేశారు. ఇగ్బోలతో పాటు ఇబిబియో స్త్రీలూ లేచారు, ఆ మంట ఒపోబో రేవు దాకా పాకింది. కాల్పుల్లో 50 మందికి పైగా స్త్రీలు చనిపోయారు. వారెంటు దొరల వ్యవస్థ ఆ దెబ్బతో కూలింది. ఆ ఊరేగింపుల్లో భాషలు వేరు, పన్ను ఒకటే. ఆ తర్వాత ఊరి సంఘాలు చందాలు పోగేసి బడులు కట్టాయి, పిల్లలను విదేశాల్లో చదివించాయి. ఓవెర్రి విమానాశ్రయం కూడా ప్రజల చందాలతో లేచిందే. ‘ఇగ్బోలకు రాజు లేడు’ అన్న నానుడిని నాయకులు నిట్టూర్పుగా వాడతారు గానీ, నిజానికి అది ఆ సమాజపు బలం. ఒక ఊరు మరో ఊరికి లొంగకుండానే కలిసి పనిచేయగలిగింది.

1976లో పుట్టిన ఇగ్బో పెద్దల సంఘం ఒహానేజె ఎన్‌డిగ్బో పేరులోనే ప్రజ, రాజు ఇద్దరూ ఉన్నారు. డెల్టా, రివర్స్‌తో కలిపి ఏడు రాష్ట్రాలకు వంతులవారీగా అధ్యక్ష పదవి ఇస్తుంది. 2025 జనవరిలో రివర్స్ వంతు వచ్చి, ఇక్వెర్రె మనిషి, మాజీ సెనేటరు జాన్ అజుటా ఎంబాటా ఎన్నికయ్యారు. ఇది చిన్న విషయం కాదు. అయితే ఇక్వెర్రె సంఘాల్లో ‘మేం ఇగ్బోలం కాము’ అన్న పాత మాట అలాగే ఉంది. సామాన్యులు ఓటేయని ఒక పెద్దల సంఘం వంతు ఇచ్చినంతనే ఆ మాట పోదు. ఆ పదవికి అసలైన పని ఒకటుంది. పోర్ట్ హార్కోర్ట్‌లో పోయిన ఇళ్ల జాబితానూ, దియోబులో పోయిన భూముల జాబితానూ ఒకే బల్ల మీద పెట్టి కూర్చోవడం. ఇల్లు పోయినవాడు వినడానికి ఒప్పుకుంటే భూమి పోయినవాడూ వినవచ్చు. రెండు వైపులా వినేవాడిగా ఇక్వెర్రె అధ్యక్షుడి కంటే తగినవాడు దొరకడు.

అందరినీ భయపెట్టి ఒకటి చేయవచ్చని నమ్మేవాళ్లూ ఉన్నారు. 2021 ఆగస్టు నుంచి ఆగ్నేయంలో సోమవారాలు ఇంట్లో కూర్చోమని వేర్పాటువాదుల హుకుం నడిచింది. వాళ్ల నాయకుడు నామ్డి కాను నిర్బంధానికి నిరసనగా మొదలైన ఆ పిలుపుతో ఒనిచా సంతలు మూతపడ్డాయి, బడులు ఖాళీ అయ్యాయి. ఆ సోమవారాలు చూసిన ఇక్వెర్రె, అసాబా వర్తకుడు ఆగ్నేయంతో కలవాలని ముచ్చటపడతాడని అనుకోవడం అమాయకత్వం. అతని కొట్టు తెరిచే ఉంది మరి.

పోర్ట్ హార్కోర్ట్ నుంచి అబా వైపు వెళ్లే రోడ్డులో రివర్స్ సరిహద్దు దగ్గర ఒక పట్టణం ఉంది. ప్రభుత్వ బోర్డు మీద దాని పేరు ఓయిగ్బో, అక్కడివాళ్లలో చాలామంది నోట ఒబిగ్బో. స్థానిక ప్రభుత్వ కార్యాలయానికి అర్జీ పెట్టుకునేవాడు మొదటి పేరు రాస్తాడు, బస్సు ఎక్కేవాడు రెండో పేరు కేకేస్తాడు.