శిబిరానికి తగిన కత్తి

జాతీయ సేవా పథకం 1969లో ప్రారంభమైనది మొదలు కళాశాల విద్యార్థులు ఏటేటా పల్లెలకు తరలివెళ్ళి శిబిర జీవితం గడుపుతున్నారు. ఎన్.సి.సి. దళాలకు వారి శిబిరాలు వారికున్నాయి. ఉత్సాహవంతులైన కొందరు సెలవులలో అనంతగిరి కొండలకో, అరకు లోయకో వెళ్ళి గుడారాలు వేసుకుంటున్నారు. వీరి సామాన్ల పట్టికలో దుప్పటి, చెంబు, తాడు, టార్చిలైటు వంటివన్నీ నిస్సంకోచంగా చేరుతాయి. కత్తి దగ్గరకు వచ్చేసరికి మాత్రం రెండు విపరీత ధోరణులు కనిపిస్తాయి. కొందరు పెద్దలు విద్యార్థి ఎదుట ఆ పేరే ఎత్తవద్దంటారు. కొందరు యువకులు వెండితెర వీరుని మొలలో చూచిన రంపపు పళ్ళ కత్తిని కొని తెచ్చుకుంటారు. ఇద్దరూ కత్తిని ఆయుధంగానే చూస్తున్నారు. ఒకరు భయంతో, మరొకరు మోజుతో. కత్తి మొదట ఒక పనిముట్టు అని గ్రహించిన నాడే దానిని ఎన్నుకొనే వివేకం అలవడుతుందని మా అభిప్రాయం.

శిబిరంలో కత్తికి ఉండే పనులేమిటి? తాడు కోయాలి, కూరగాయలు తరగాలి, గుడారానికి మేకులు చెక్కాలి, పొయ్యి రాజేయడానికి పుల్లలు చీల్చాలి, ఒక్కొక్కసారి గాయానికి కట్టవలసిన గుడ్డను కత్తిరించాలి. ఇన్ని పనులకు ఇన్ని కత్తులు మోయలేము కనుక అన్నింటికీ ఓర్చే కత్తి ఒకటి కావాలి. ఉర్దూవారికీ తెలుగువారికీ ఉమ్మడి మాటైన చాకు జేబులో ఇమిడే మాట నిజమే. కాని మడిచే చాకుకు బలహీనత దాని మడత వద్దనే ఉంది. అక్కడ దుమ్ము, జిడ్డు చేరుతాయి. పట్టు సడలితే అలుగు వేళ్ళ మీదికే మూసుకుంటుంది. పిడిలో కదలకుండా బిగిసి ఉన్న కత్తికి ఈ బాధ లేదు. అందువలన శిబిరానికి బిగింపు కత్తినే మేము మెచ్చుకుంటాము.

ఇక కొలతల సంగతి. పెద్ద కత్తి పెద్ద పనులు చేస్తుందనేది తరచుగా వినిపించే వాదం. పది అంగుళాల కత్తితో ఉల్లిపాయ తరిగి చూచినవారికి ఆ వాదంలోని లోపం వెంటనే తెలుస్తుంది. ఫిన్లాండు అడవులలో తరతరాలుగా వాడుకలో ఉన్న ‘పూకో’ అనే కత్తికి సంప్రదాయంగా అలుగు దాదాపు అరచేతి వెడల్పంతే. అంత మాత్రపు కత్తితోనే అక్కడివారు కొయ్య చెక్కారు, చేపలు కోశారు. మన అవసరానికి నాలుగంగుళాల అలుగు, మూడు లేక నాలుగు మిల్లీమీటర్ల మందం చాలు. కొమ్మలు నరకవలసి వస్తే శిబిరమంతటికీ ఒక చిన్న గొడ్డలి ఉంచుకోవడం మేలు. గొడ్డలి పని కత్తి చేత చేయించబోతే రెండూ చెడతాయి.

రూపం ఎంత సాదాగా ఉంటే అంత మంచిది. వాదర ఒక వైపే ఉండాలి. రెండవ వైపు వీపు నునుపుగా, మొద్దుగా ఉండాలి. బాకు వలె రెండు వైపులా పదును ఉంటే బొటనవ్రేలు ఆనించి అదిమేందుకు చోటుండదు. ఎండుకట్టెను చీల్చేటప్పుడు కత్తిని కట్టె తల మీద నిలిపి, వీపు మీద మరొక కర్రతో తట్టడం తెలిసిన పద్ధతి. వీపు మీద రంపపు పళ్ళుంటే తట్టే కర్ర చితికిపోతుంది. పోనీ ఆ పళ్ళు కొయ్యను కోస్తాయా అంటే అదీ లేదు. బోలు పిడిలో దిక్సూచి, గాలం దాచిన కత్తులు కూడా అంగడిలో కనిపిస్తాయి. పిడి బోలుగా ఉంటే అలుగును పట్టి ఉంచేది కొద్దిపాటి అతుకు మాత్రమే. అలుగు ఉక్కు పిడి చివరి దాకా ఒకే రేకుగా సాగి, రెండు ప్రక్కలా కొయ్య పలకలు రివెట్లతో బిగించిన కత్తి ఎంత తట్టినా ఊడదు.

ఏ ఉక్కు మంచిదనేది వివాదాస్పద విషయం. హారీ బ్రియర్లీ 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో క్రోమియం కలిపిన ఉక్కును రూపొందించిన పిమ్మట తుప్పు పట్టని కత్తులు ఇంటింటా వెలిశాయి. సముద్రతీరంలో శిబిరం వేసేవారికీ, కత్తిని తుడిచే ఓపిక లేనివారికీ అదే తగినది. కర్బనపు ఉక్కు నిమ్మరసం తగిలితే నల్లబడుతుంది, తడి నిలిస్తే తుప్పు పడుతుంది. అయినా మామూలు సానరాయి మీద సులభంగా పదునెక్కుతుంది. ఈ ఉక్కు మనకు పరాయిది కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించిన ఉక్కు ముద్దల కోసం ఒకప్పుడు పారశీక వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారు. ఆ విద్య అంతరించినా కమ్మరి కొలిమి ఇంకా పూర్తిగా చల్లారలేదు. పాత లారీ కమాను పట్టీ నుండి మంచి కత్తి సాగగొట్టగల పనివారు నేటికీ ఉన్నారు. కొలతలు చెప్పి చేయించుకుంటే కత్తి మన చేతికి సరిపోతుంది, ఒక కుటుంబానికి పని దొరుకుతుంది. చేయించిన కత్తిని పరీక్షించడం తేలిక. వాదర మీద ఆకురాయి లోతుగా దిగితే ఉక్కు మెత్తన. గాజు మీద వలె జారిపోతే మరీ పెళుసు. కొద్దిగా మాత్రమే పట్టితే పాకం కుదిరినట్లు.

ఎన్నిక కత్తితోనే ముగియదు, ఒరతో ముగుస్తుంది. కత్తిని ఒరలో ఉంచి తలక్రిందులు చేసినా జారిపడని ఒర మంచి ఒర. తోలు ఒర చూడ ముచ్చటైనదే కాని తేమను పట్టి ఉంచుతుంది. ఇల్లు చేరిన తరువాత కత్తిని బయటకు తీసి, తుడిచి, పలుచగా నూనె రాసి భద్రపరచాలి. పదును పెట్టడం కూడా నేర్వదగిన విద్య. కత్తిని సానరాయి మీద నిలువుగా నిలిపి, ఆ కోణాన్ని సగానికి, మళ్ళీ సగానికి వంచితే సుమారు ఇరవై డిగ్రీల వాలు వస్తుంది. ఆ వాలు చెదరకుండా రెండు వైపులా సమంగా నూరాలి. మొండి కత్తే ప్రమాదకరం. అది తెగక జారుతుంది, జారి చేతిని వెతుక్కుంటుంది. కోసేటప్పుడు వాదర మన ఒంటి వైపు రారాదు. చేయి చాచినంత దూరంలో మరొకరు ఉండరాదు.

విద్యార్థి మిత్రులు చట్టాన్ని కూడా ఎరిగి ఉండాలి. 1959 నాటి ఆయుధాల చట్టం క్రింద ఏర్పడిన నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో గల కత్తులను ఆయుధాల వర్గంలో చేర్చాయి. గృహ, వ్యవసాయ, వైజ్ఞానిక, పారిశ్రామిక అవసరాలకు చేసినవి ఇందుకు మినహాయింపు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆయుధమనే మాటలో కత్తి కూడా ఇమిడి ఉంది. ముందస్తు అనుమతి లేనిదే దానితో అభయారణ్యంలో అడుగు పెట్టరాదు. నల్లమల యాత్ర తలపెట్టేవారు ఇది మరువరాదు. కొలతకు లోబడిన కత్తి అయినంత మాత్రాన దానిని మొలలో దోపుకొని బస్టాండులో, బజారులో తిరగవచ్చునని కాదు. మన చేతిలో పనిముట్టైనది చూచేవారి కంటికి ఆయుధం కావచ్చు. ఒక్క అనుమానం చాలు, ఒక విద్యార్థి చదువు అర్ధాంతరంగా ఆగిపోవడానికి. పేదింటి నుండి వచ్చిన విద్యార్థికి ఆ అనుమానాన్ని తొలగించుకొనే స్తోమత కూడా ఉండదు. ప్రయాణంలో కత్తి ఒరలో, ఒర గుడ్డలో, ఆ మూట పెట్టె అడుగున ఉండాలి.

అందుచేత ఉపాధ్యాయులుగా మేము చేసే సూచన ఇది. ప్రతి విద్యార్థికీ కత్తి అక్కరలేదు. పదిమందికి ఒకటి చాలు. అది శిబిరం ఆస్తిగా, ఒక బాధ్యుని వద్ద ఉండాలి. పనికి తీసుకున్నవారు పని ముగియగానే తుడిచి తిరిగి అప్పగించాలి. నిషేధించడం వలన కత్తి మాయం కాదు, చాటుకు పోతుంది. చాటున చేరినది ఏనాడూ పనిముట్టుగా మిగలదు. దానికి బదులు మొదటి రోజు ఉదయమే అందరినీ కూర్చోబెట్టి పట్టుకోవడం, అందించడం, నూరడం నేర్పితే ఆ శిక్షణ శిబిరం దాటి వంటింటి వరకూ, పొలం వరకూ పనికివస్తుంది. నాలుగంగుళాల సాదా కత్తిని శుభ్రంగా ఉంచి, పిడి ముందుకు చేసి తోటివానికి అందించగల యువకునికి దానితో ఎవరినీ బెదిరించవలసిన అవసరం రాదు.